ట్రక్కన్న

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనాల్లో మనవాళ్ళున్న ఏ కాలనీకి వెళ్ళినా ఒక ట్రక్కన్న తగులుతాడు. పగలు బ్యాంకు సాఫ్ట్‌వేరు, రాత్రి హైదరాబాదుతో కాల్సు, శనివారం పొద్దున్నుంచీ బండి కింద. గ్యారేజీలో పట్టదు కాబట్టి బండి బయటే ఉంటుంది. 6.7 లీటర్ల డీజిల్ ఇంజను, ఆరేడు టన్నుల ట్రెయిలరు లాగగల సత్తా. అది ఇప్పటిదాకా మోసిన బరువులు మాత్రం సోనామసూరి బస్తాలు, బతుకమ్మ స్పీకర్లు, ఏటా నిమజ్జనానికి కమ్యూనిటీ గణపతి. స్వామివారు ఎక్కి కూర్చున్నా ఆ స్ప్రింగులు అంగుళం దిగవు.

"ఇంత బండి ఎందుకన్నా?" అని అడిగి చూడండి.

"రేపు పొలం కొన్నామనుకో?" అంటాడు. టెక్సాస్‌లో ప్రతి తెలుగువాడికీ రేపు కొనబోయే పొలం ఒకటుంటుంది. ట్రక్కన్న దానికి బండి ముందే కొనేశాడు, అంతే తేడా.

ఏ కంపెనీ బండి అని నన్నడక్కండి. చెబితే ఆ కంపెనీ ట్రక్కన్నలు నొచ్చుకుంటారు, పక్క కంపెనీ ట్రక్కన్నలు స్వీట్లు పంచుతారు.

ఈయన ఘనత బండి వల్ల వచ్చింది కాదు, బండి వణుకు వల్ల వచ్చింది. పుట్టినరోజు పార్టీలో మగవాళ్ళంతా గ్రీన్‌కార్డు తేదీల గురించి మాట్లాడుకుంటుంటే ఈయన బిర్యానీ ప్లేటు రెండు చేతులా పట్టుకుని మధ్యలోకి వస్తాడు. "380 హైవే మీద అరవై అయిదులో పోతున్నానా... వంతెన అతుకు తగిలిందంతే!" అని ప్లేటును స్టీరింగు చేసి ఊపేస్తాడు. రైతా ముందు వరసలో ఉన్నవాళ్ళ చొక్కాల మీద పడుతుంది. కథ ముదిరేకొద్దీ ప్లేటు ఊపూ ముదురుతుంది. తెలిసినవాళ్ళు నిమ్మకాయ చారు వడ్డించే దాకా ఆయనకు దగ్గరగా నిలబడరు.

అయితే ఇందులో కోత ఏమీ లేదు. డెత్ వాబుల్ అనే ఈ వణుకు నిజంగానే ప్రాణాలు అరచేతిలోకి తెచ్చే వ్యవహారం. చక్రం బ్యాలెన్సు తప్పి ఒక వేగం దగ్గర స్టీరింగు సన్నగా జిలజిలలాడటం వేరు. అది టైరు షాపులో తేలిపోయే సంగతి. ఇది అలా కాదు. గతుకో వంతెన అతుకో తగలగానే ముందు చక్రాలు రెండూ కుడికీ ఎడమకూ కొట్టుకోవడం మొదలుపెడతాయి, ఇక వాటంతట అవి ఆగవు. కాస్ట్‌కోలో తోపుడు బండి ముందు చక్రం ఒకటి పిచ్చెక్కినట్టు గిలగిల్లాడుతుందే, ఆ జబ్బే మూడు టన్నుల బండికి పడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. చేయగలిగిందల్లా స్టీరింగు గట్టిగా పట్టుకుని, కంగారుగా బ్రేకు తొక్కకుండా, వేగం తగ్గించుకుంటూ పక్కకు తీసుకోవడం.

మూలం సాలిడ్ యాక్సిల్‌లో ఉంది. రెండు ముందు చక్రాలనూ ఒకే ఇరుసు కలిపి ఉంచుతుంది గనుక ఒకటి గతుకెక్కితే రెండోదీ ఒరుగుతుంది. వేగంగా తిరిగే చక్రాన్ని ఒరగదీస్తే అది పక్కకు తిరగాలని చూస్తుంది. బొంగరం ధర్మమే అది. తిరిగితే మళ్ళీ ఒరుగుతుంది. ఈ ఒరుగుడూ తిరుగుడూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటున్నప్పుడు మధ్యలో ఎక్కడైనా కీలు వదులుగా ఉందా, పండగే. కొత్త రోగమేం కాదు. 1920ల్లో లావు గాలి టైర్లు వచ్చినప్పుడు చాలా కార్లు ఇలాగే వణికాయి. 1934లో జనరల్ మోటార్స్ ముందు చక్రాలు రెండిటినీ విడదీసి, దేని స్ప్రింగు దానికిచ్చి తన కార్లకు ఆ పీడ వదిలించింది. బరువులు మోసే, ముందు మంచు నాగలి కట్టుకునే పెద్ద ట్రక్కుల్లో చాలావాటికి మాత్రం ఆ మొండి ఇరుసు ఉండిపోయింది. మన ట్రక్కన్న మంచు దున్నిందెప్పుడూ లేదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టినప్పుడు కాలనీకి పాలు తెచ్చిపెట్టాడు. ఆ పాల బాకీ ఇంకా తీరలేదు మాకు.

వెనక వీధిలో షెవీ 2500 ఉన్నాయన ఒకడున్నాడు. దాని ముందు చక్రాలు దేనికదే. వణుకు అంటే ఏమిటో ఎరగడు. ట్రక్కన్న ఆయన్ను జాలిగా చూస్తాడు. "కారుకి తొట్టి తగిలిస్తే ట్రక్కయిపోద్దా?" అంటాడు.

ఇక వైద్యం. ట్రక్కన్నకు రోగం కనుక్కోవడం చేతకాక కాదు, కనుక్కోవడంలో కొనేదేమీ ఉండదని చిన్నచూపు. ఆయన నమ్మకమంతా స్టీరింగ్ డ్యాంపర్ మీద. అది అడ్డంగా పడుకోబెట్టిన షాక్ అబ్జార్బరు. రంగు కనిపిస్తుంది, పెట్టెలో వస్తుంది, అరగంటలో బిగించేయొచ్చు. కొత్తది వేయగానే వణుకు సర్దుకుంటుంది కూడా. అదే మాయ. కీలు వదులు అలాగే ఉంటుంది, డ్యాంపరు దాన్ని అదిమి పెడుతుందంతే. నాలుగు నెలలకు అదీ అలిసిపోతుంది. అప్పుడు ట్రక్కన్న ఏం చేస్తాడంటారు? రెండు డ్యాంపర్ల కిట్టు తెప్పిస్తాడు. కాదంటే కోర్టు సాక్ష్యం చూపిస్తాడు. 2019లో ఫోర్డ్ మీదా జీప్ తయారుచేసే కంపెనీ మీదా ఈ వణుకు గురించే దావాలు పడ్డాయి. జీప్ రాంగ్లర్లకు కంపెనీ ఉచితంగా మార్చి ఇచ్చింది ఆ డ్యాంపరే. "కంపెనీవాడికంటే నీకెక్కువ తెలుసా?" అంటే మనం ఏం మాట్లాడతాం?

బండి ఎత్తు పెంచే కిట్టూ, బురద టైర్లూ ఆయన వేయించినవే. ఎత్తు పెంచితే చక్రం కోణాలు మారతాయి, వాటిని మళ్ళీ దారికి తేవాలి. పెద్ద టైరు బరువు, దాని బ్యాలెన్సు నిలవదు. గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసుంటుంది, అది కంపెనీ టైర్లకు రాసింది. ఇవన్నీ చెప్పబోతే "లుక్కు చూడవయ్యా ముందు" అంటాడు. లుక్కు నిజంగానే బాగుంటుంది, నిలబడి ఉన్నంతసేపూ.

ఒక వేసవిలో నంద్యాల నుంచి ట్రక్కన్న నాన్నగారు దిగారు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. వారం రోజులు సోఫాలో కూర్చుని కొడుకు బండి కిందికి దూరడం, బయటికి రావడం చూశారు. ఎనిమిదో రోజు లుంగీ ఎగ్గట్టి బయటికొచ్చారు.

"చక్రాలు నేల మీదే ఉండనీ. ఇంజను ఆన్ చేయి. అమ్మా, నువ్వు ఎక్కి స్టీరింగు కొంచెం అటూ ఇటూ ఆడించు తల్లీ. పూర్తిగా తిప్పద్దు." కోడలు ఆడిస్తుంటే ఆయన వంగి ఒక్కో కీలు మీదా అరచేయి పెట్టుకుంటూ పోయారు. టై రాడ్, డ్రాగ్ లింక్, బాల్ జాయింట్లు. ఛాసిస్ దగ్గరికొచ్చేసరికి చేయి ఆగింది.

"ఇక్కడ టక్కుమంటాండాది. ఏం కడ్డీరా ఇది? మా బస్సులకు లేదే."

"ట్రాక్ బార్ నాన్నా. ఇరుసు పక్కకు జరక్కుండా ఆపేది. మీ బస్సులకు కమాన్ పట్టీలే ఆ పని చేస్తాయి. వీటికి కాయిల్ స్ప్రింగులు కదా, అందుకని."

"మరి ఆపడం లేదు గదరా."

"పోయినేడే కొత్తది వేశా నాన్నా!"

"బోల్టు ఎట్ల బిగించినావు?"

"గట్టిగానే."

"గట్టిగా అంటే? టార్క్ రెంచితోనా, చేతివాటమా?"

ట్రక్కన్న పక్కింటి మేపుల్ చెట్టు వైపు చూశాడు.

"బండి జాకీ మీద ఉన్నప్పుడే బిగించినావా?"

మేపుల్ చెట్టు చాలా బాగుందన్నట్టు చూశాడు. రబ్బరు బుష్ ఉన్న బోల్టును బండి బరువు చక్రాల మీద పడ్డాకే ఆఖరి బిగింపు బిగించాలి, లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి చిరిగిపోతుంది. బోల్టు వదులైతే అది దూరిన రంధ్రమే కోడిగుడ్డు ఆకారానికి సాగుతుంది. పెద్దాయన వేలు పెట్టి చూపించారు. సాగింది. కొత్త బ్రాకెట్టు, కొత్త బుష్, లెక్కప్రకారం బిగింపు. మధ్యాహ్నం పప్పు చల్లారకముందే అయిపోయింది. సాయంత్రం 380 మీద అదే వంతెన అతుకు మీదుగా అరవై అయిదులో పోయారు. బండి కిక్కురుమనలేదు. పెద్దాయన వెనక సీట్లో నిద్రపోయారు.

తర్వాత పార్టీలో ట్రక్కన్నను చూసి నాకే బాధేసింది. బిర్యానీ ప్లేటు ఒంటిచేత్తో పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. "అన్నా, వాబుల్ ఎలా ఉంది?" అని ఎవరో పలకరిస్తే "తగ్గిందిలే" అన్నాడు, ఊరెళ్ళిపోయిన చుట్టాన్ని గురించి చెప్పినట్టు. గ్రీన్‌కార్డు తేదీల కబుర్లలో కాసేపు కూర్చున్నాడు. రక్తి కట్టలేదు. పాయసం వచ్చే వేళకి మొహంలో కళ తిరిగొచ్చింది. ఫోను తీసి అందరికీ చూపించాడు.

"ఆరంగుళాల లిఫ్ట్ కిట్టు, లేబర్ డే సేల్‌లో పెట్టాడు. ఆర్డరు పెట్టేశా."

వాళ్ళావిడ గిన్నె కింద పెట్టకుండానే అంది: "అదే చేత్తో మామయ్యగారికి టిక్కెట్టు కూడా బుక్ చేసెయ్యండి."