లుంగీ రంగంలోకి దిగింది

మా వైపు రంగూన్‌ని రంగం అనేవారు. భీమిలి, విశాఖపట్నం, కళింగపట్నం, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కి అక్కడికి వెళ్ళినవాణ్ణి ‘రంగం పోయాడు’ అనేవారు. ఆ మాటలో సంపాదించుకొస్తాడన్న ఆశ కొంత, ఇక రాడేమోనన్న బెంగ కొంత ఉండేవి. మా తాత పోయాడు. 1938లో తిరిగొచ్చాడు కూడా. వస్తూ రెండే రెండు వస్తువులు తెచ్చాడు. ఒకటి బర్మా టేకు పెట్టె, రెండోది ఇంగ్లీషు సైకిలు. పెట్టె ఇప్పటికీ నలుగురు పట్టందే కదలదు. సైకిల్ని మాత్రం నేనొక్కణ్ణే పాడుచేశాను.

ఆ సైకిలుకి ఫుల్ గేర్‌కేస్ ఉండేది. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. గొలుసు వీసమెత్తు కూడా బయటికి కనపడకుండా, పెడల్ దగ్గరి పళ్ళచక్రం నుంచి వెనక చక్రం ఇరుసు దాకా మూసేసిన నల్లటి రేకు డబ్బా అది. తాత మల్లెపువ్వులాంటి పంచె కట్టి, ఆ డబ్బా పక్కన కాలాడిస్తూ, భీమిలి సంతకి వెళ్ళి వచ్చినా అంచుకి నల్లటి చుక్క అంటేది కాదు. ఒకసారి గేదె అడ్డొచ్చి డబ్బాకి సొట్ట పడింది. అది మొదలు పెడల్ తిరిగినప్పుడల్లా క్రాంకు దానికి తగిలి టక్కుటక్కుమనేది. తాత వీధి మలుపు తిరిగేసరికే ఇంట్లో కాఫీనీళ్ళు పొయ్యెక్కేవి, మా పుస్తకాలు ఒళ్ళోకెక్కేవి. అలా ఆ డబ్బా తాత పంచెనీ కాపాడింది, మా వీపుల్నీ కాపాడింది.

అలాంటి డబ్బాని పదహారో ఏట నేను విప్పేశాను. కారణం మా క్లాసులో ఒకడు కొనుక్కున్న బి.ఎస్.ఏ. ఎస్.ఎల్.ఆర్. సైకిలు. దాని పక్కన నాది నిలబెడితే, పెళ్ళిలో వరుడి పక్కన పురోహితుడిలా ఉండేది. సైకిల్ షాపతను కూడా ఎగదోశాడు. వెనక టైరు మార్చాలన్నా, చక్రం ఊడదియ్యాలన్నా ముందు ఆ డబ్బా విప్పాలి, మళ్ళీ బిగించాలి. అతనికది తద్దినం. ఓవర్‌హాలింగుని మా ఊళ్ళో ‘ఓవరాయిలింగు’ అనేవారు. గొలుసుకి ఆయిలు ఓవరుగా పోయడమే ఆ శాస్త్రమని నేను చాలాకాలం నమ్మాను, షాపతను చనిపోయేదాకా నమ్మాడు. డబ్బా తీసేస్తే ఓవరాయిలింగు సులువన్నాడు. తీసేశాం. పాత ఇనపసామాన్ల వాడికిచ్చి ఉల్లిపాయలు పుచ్చుకున్నాను.

తాత అరుగు మీంచి చూశాడు. తిట్టలేదు.

“ఏట్రా, సైకిల్ని దిసమొల చేసీసినావా?” అన్నాడు. చుట్ట ఒక దమ్ము లాగి, “దిసమొల సైకిలెక్కినోడు ఎప్పుడో ఒకనాడు దిసమొలే దిగుతాడు,” అన్నాడు.

పెద్దల మాట చద్దిమూట అంటారు. ముప్పయ్యేళ్ళు దాటినా ఆ చద్ది పాచిపోలేదు. దాన్ని విప్పుకుని తినే యోగం నాకు 2018 వానాకాలంలో, తాత స్టీమరు దిగిన ఆ రంగంలోనే పట్టింది.

రంగూన్‌ని ఇప్పుడు యాంగోన్ అంటున్నారు. ఉద్యోగం పనిమీద మూడు నెలలు అక్కడ ఉండాల్సి వచ్చింది. బస చౌక్తడా అనే పేటలో. బర్మా భాషలో ఆ పేరుకి రాతి వంతెన అని అర్థం. సూలే పగోడా కనపడింది, 1936లో పూర్తయిన సిటీ హాలు కనపడింది, మహాబందులా తోట కనపడింది, వంతెన మాత్రం నాకు దొరకలేదు. జార్జ్ ఆర్వెల్ ‘బర్మీస్ డేస్’ నవలలో ఊరి పేరు చౌక్తడాయే కదా అని మొదటి వారం ఆ పుస్తకం చంకలో పెట్టుకుని ప్రతి పాత మేడనీ భక్తిగా చూశాను. ఆయన ఆ పేరు పెట్టింది ఉత్తరాన ఎక్కడో ఉన్న కథా అనే ఊరికని తెలిసేసరికి నా భక్తి సగం ఖర్చయిపోయింది.

నా గది 37వ వీధిలో నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. ఆ వీధుల్లో ప్రతి బాల్కనీ నుంచీ ఒక తాడు కిందికి వేలాడుతుంటుంది. దాని కింది చివర క్లిప్పో, పై చివర గంటో. పేపరబ్బాయి పేపరు క్లిప్పుకి తగిలిస్తే పైవాళ్ళు లాక్కుంటారు. గంట తాడైతే వచ్చినవాడు కిందినుంచి లాగుతాడు. కింద ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, పక్కన టీకొట్టు. జానెడెత్తు ప్లాస్టిక్ స్టూళ్ళు. వాటి మీద కూర్చుంటే మోకాళ్ళు చెవుల దగ్గరికొస్తాయి. కుర్రాణ్ణి పిలవాలంటే పెదాలతో ముద్దు పెట్టినట్టు చప్పుడు చెయ్యాలి. ఈ వయసులో నాకు ధైర్యం చాలలేదు. చెయ్యి ఊపేవాణ్ణి. టీ ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చేది.

అక్కడ మగవాళ్ళు ఆఫీసుకి కూడా లోంజీ కట్టుకునే వెళతారు. లోంజీ అంటే మన కుట్టిన లుంగీయే, కానీ హోదా వేరు. మనకి లుంగీ పొద్దున్న పేపరు చదివే బట్ట. గుమ్మంలో కొత్తమనిషి కనపడితే లోపలికి పరిగెత్తించే బట్ట. వాళ్ళు ఇస్త్రీ చొక్కా లోపలికి దోపి, బొడ్డు దగ్గర ముడేసి, బ్యాంకు మేనేజర్లలా తిరుగుతారు. వాళ్ళలో చాలామంది బ్యాంకు మేనేజర్లే. నడిరోడ్డు మీద ముడి వదులైతే రెండు చేతులా విప్పి, విసనకర్రలా చాపి, మళ్ళీ బిగించుకుంటారు. ఇంత పని జరిగినా లోకానికి ఏమీ కనపడదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ లుంగీ కట్టినవాణ్ణి, నాకిదొక లెక్కా అనుకుని ముదురాకుపచ్చ గళ్ళ లోంజీ ఒకటి కొన్నాను.

యాంగోన్‌లో మోటారుసైకిళ్ళ మీద నిషేధం ఉంది. దాంతో సందుల్లో సైకిళ్ళకీ, సైక్కాలకీ గౌరవం మిగిలింది. సైక్కా అంటే సైడ్‌కార్. మామూలు సైకిలుకి పక్కన మూడో చక్రం తగిలించి రెండు సీట్లు వీపుకి వీపు ఆనేట్టు పెడతారు. ఒకడు ముందుకి చూస్తూ, ఒకడు వెనక్కి చూస్తూ ప్రయాణం చేస్తారు. పోట్లాడుకున్న మొగుడూ పెళ్ళాలకి ఇంతకంటే అనువైన వాహనం నేను చూడలేదు. వీటికి ముందు ఈ ఊళ్ళో చేత్తో లాగే రిక్షాలుండేవి. లాగినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. కోరంగి రేవు పేరుతో తెలుగువాళ్ళందర్నీ అక్కడ కోరంగీలనేవారు. ఆ రిక్షాకి గొలుసు లేదు. లాగేవాడే గొలుసు. అతనికి కవరేసిన వాళ్ళూ లేరు.

ఒక ఆదివారం వాన వెలిసింది. మా బిల్డింగ్ వాచ్‌మన్ దగ్గర జపాన్ నుంచొచ్చిన సెకండ్‌హ్యాండ్ సైకిలుంది. ముందు బుట్ట, వంగిన ఫ్రేము, గంట అన్నీ బాగానే ఉన్నాయి. చైన్ కవర్ ఒకప్పుడు ఉండేదనడానికి సాక్షిగా రెండు స్క్రూలు మిగిలాయి. ఎరువు అడిగాను. అతను నా లోంజీని చూశాడు, గొలుసుని చూశాడు, ఏదో చెప్పబోయి మర్యాదకి మానేశాడు.

ఇక్కడ కొంచెం ఇంజనీరింగు తప్పదు. గొలుసు పై వరస వెనకనుంచి ముందుకొచ్చి పళ్ళచక్రం నెత్తి మీద పళ్ళలో కూర్చుంటుంది. ఆ గొలుసూ పన్నూ కలిసే చోటు సరిగ్గా మన పిక్క పక్కన ఉంటుంది. ప్రతి అరంగుళానికీ ఒక నోరు. పేంటు అంచు, పంచె చెంగు, ఏది దగ్గరికొచ్చినా పంక్తిలో కూర్చున్నవాడు లడ్డూ అందుకున్నట్టు అందుకుంటుంది. అందుకే హాకీకర్ర ఆకారంలో హాఫ్ కవరు పైభాగాన్ని మాత్రం మూస్తుంది. అది పేంటుకి చాలు. పంచెకీ చీరకీ చాలదు. ఏ జాతి ఏం కట్టుకుంటుందో చెబితే ఆ దేశపు చైన్ కవర్ ఎంత పొడుగుండాలో నేను చెప్పగలను.

రెండో సంగతి, సైకిలుకి గొలుసు కుడిపక్క ఉంటుంది. మనం ఎడమపక్క నడిపేవాళ్ళం. ఎడమపక్కనుంచే ఎక్కి, ఎడమపక్క ఫుట్‌పాత్ మీదికి దిగుతాం, గొలుసుతో మాటామంతీ లేకుండా. బర్మావాళ్ళూ అలాగే ఉండేవాళ్ళు, 1970లో ట్రాఫిక్ మొత్తాన్ని కుడిపక్కకి మార్చేదాకా. మారినప్పుడు బండ్లన్నీ రోడ్డు దాటి అటుపక్కకి పోయాయి. సైకిలు గొలుసుకి మాత్రం ఎవరూ చెప్పలేదు.

టీకొట్టు ముందు ఆగుదామని కుడిపక్కకి తీశాను. అలవాటుగా ఎడమపక్క దిగబోతే వెనకనుంచి కారు హారను. సరే, ఫుట్‌పాత్ వైపు దిగుదామని ఎడమకాలు ఇటు తెచ్చాను. ఒంటి బరువంతా కుడి పెడల్ మీద పడింది. అది కిందికి దిగింది. పళ్ళచక్రం అరచుట్టు తిరిగింది. లోంజీ అంచు లోపలికి పోయింది.

పేంటైతే చిరుగుతుంది, కథ అక్కడితో అయిపోతుంది. లోంజీ చిరగదు, దిగుతుంది. నడుం దగ్గర దానికున్న ఆధారం ఒక్క ముడి. నేను ముందుకి గుంజినకొద్దీ గొలుసు ఇంకో అరంగుళం మింగుతోంది, ముడి ఇంకో అంగుళం జారుతోంది. ఒక చేత్తో హ్యాండిలు, ఒక చేత్తో పరువు పట్టుకుని నిలబడ్డాను. వస్త్రాపహరణ ఘట్టంలో ద్రౌపదికి కనీసం రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి.

టీకొట్టులో పాతికమంది ఉన్నారు. ఒక్కడూ నవ్వలేదు. అందరూ ఒక్కసారిగా సూలే పగోడా శిఖరం వైపు చూడడం మొదలుపెట్టారు. వాళ్ళు నవ్వి ఉంటే నేనూ నవ్వేసి ఊరుకునేవాణ్ణి. ఆ మర్యాదే నన్ను చంపింది.

అనుకోకుండా నోటినుంచి “ఓరి నాయనో” వచ్చింది.

ఎదర మూల గోడకానుకుని సైకిళ్ళు బాగుచేసే ముసలాయన చటుక్కున తలెత్తాడు. “తెలుగోరా?” అన్నాడు. “లాగకండి బావూ, లాగీకండి! ఎనక్కి తిప్పాల, ఎనక్కి!”

పరుగున వచ్చి, చతికిలబడి, పెడల్ పట్టుకుని వెనక్కి తిప్పాడు. ఫ్రీవీల్ కిర్రుకిర్రుమంది. గొలుసు ఎలా మింగిందో అలాగే, అరంగుళం అరంగుళంగా కక్కింది. ముప్పయ్యేళ్ళు సైకిలు తొక్కినవాడికి ఈ కిటుకు ఎందుకు తట్టలేదంటే, గొలుసు బట్ట పట్టుకున్నప్పుడు మనిషికి ముందుకి పోవాలనే తోస్తుంది, వెనక్కి తొక్కాలని తోచదు.

ఆయన భీమిలి ఎప్పుడూ చూడలేదు. వాళ్ళ తాత అక్కణ్ణుంచి వచ్చాడట. కానీ నోరు తెరిస్తే మా అరుగు మీది తెలుగే. మా ఊళ్ళో టీవీలొచ్చాక పోయిన మాటలు ఆయన దగ్గర గ్రీజులో ముంచి దాచినట్టున్నాయి. “దీని డొప్పేదీ?” అన్నాడు గొలుసు చూపించి. చైన్ కవరుని డొప్ప అనడం అప్పుడే విన్నాను. ఇంతకంటే మంచి మాట మన పత్రికలవాళ్ళు పుట్టించలేరు.

“ఇక్కడ లోంజీలతో ఎలా తొక్కుతున్నారు బాబాయ్?” అన్నాను. ఆయన పక్కనే ఆగిన సైక్కా మనిషిని చూపించాడు. అతను లోంజీని పైకి లాగి, కాళ్ళ మధ్యనుంచి వెనక్కి పోనిచ్చి దోపేశాడు. బర్మావాళ్ళు దానికేదో పెద్ద పేరు చెబుతారు. మనకది గోచీ. కవరు గొలుసుకి వెయ్యలేనివాడు బట్టనే గొలుసుకి దూరంగా పెట్టుకున్నాడు. పొలం గట్టు మీద మన రైతు కనిపెట్టిందీ అదే.

గొలుసుకే కవరు వేసినవాడి సంగతీ చెప్పాలి. ఇంగ్లండులో వుల్వర్‌హాంప్టన్ అనే ఊళ్ళో జాన్ మార్‌స్టన్ అని ఒకాయన ఉండేవాడు. రేకు సామాన్లకి నల్ల లక్క పూత వేసే వ్యాపారం. 1887లో సన్‌బీమ్ పేరుతో సైకిళ్ళు మొదలుపెట్టాడు. రేకు తెలిసినవాడు కనక తర్వాత గొలుసుకి డబ్బా చేయించాడు. ఉత్త డబ్బా కాదు, లోపల నూనె. గొలుసు ఎప్పుడూ ఆవకాయ ముక్కలా నూనెలో ఊరుతూ తిరిగేది. ఒక్కో గొలుసులో సుమారు 112 లంకెలు, విడదీస్తే ఐదు వందలకి పైగా చిన్న ముక్కలు. అన్నిటికీ తలంటు. యాంగోన్‌లో ఏడాదికి సుమారు 2,700 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అక్కడి గొలుసుకి అలాంటి జాడీ ఒకటి ఉండాల్సిందే. అయితే 1999లో అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు పరీక్ష పెట్టి, మంచి గొలుసు మనిషి పెట్టిన బలంలో 98.6 శాతం దాకా చక్రానికి అందిస్తుందనీ, నూనె ఉన్నా లేకపోయినా పెద్ద తేడా రాలేదనీ తేల్చారు. 98.6 అంటే థర్మామీటరులో మనిషికి జ్వరం లేనప్పటి అంకె. గొలుసు ఆరోగ్యంగానే ఉంది. మా షాపతని ఓవరాయిలింగే దండగ.

ముసలాయనకి ఇవేవీ పట్టలేదు. టీకొట్టునుంచి ఖాళీ పాలడబ్బాలు నాలుగు తెప్పించాడు. ఆ టీ అంతా డబ్బాపాలతోనే కాస్తారు. డబ్బాలు చీల్చి, రేకు చదును చేసి, అంచులు మడిచి, ఆ రెండు అనాథ స్క్రూలకే హాకీకర్రలాంటి డొప్ప ఒకటి బిగించాడు. అరగంట పట్టింది. డబ్బు ఇవ్వబోతే “యాబాదే” అన్నాడు. పర్లేదని అర్థం. బలవంతాన ఇచ్చాను. సైకిలు కదిలించాను. రేకు ఎక్కడో తగిలింది. టక్... టక్.

“సరి చెయ్యనా బావూ?” అన్నాడు.

“వద్దు బాబాయ్, ఉండనీ,” అన్నాను.

సైకిలు తిరిగిచ్చినప్పుడు వాచ్‌మన్ డొప్ప మీద తలకిందులుగా ఉన్న ఆవుబొమ్మని చాలాసేపు చూశాడు. మర్నాటినుంచి అతను వీధి మలుపు తిరగ్గానే నాకు నాలుగో అంతస్తులో తెలిసిపోయేది.

లోంజీని మూడుసార్లు ఉతికించాను. మరక పోలేదు. విశాఖపట్నం వచ్చాక మా ఆవిడ పెట్టెలోంచి దాన్ని తీసి దులిపి వెలుతురుకి పట్టింది. అంచు పొడుగునా, సరిగ్గా అరంగుళానికొకటి చొప్పున, కొలిచి అద్దినట్టు నల్లటి చుక్కల వరస.

“బోర్డరు చాలా బాగుందండీ,” అంది. “చేత్తో అద్దిందా? ఒకవైపే వేశారేం?”

“అక్కడ అదే ఫ్యాషను,” అన్నాను.

“ఎంతైందేమిటి?”

చెప్పాను. పాలడబ్బాల ఖర్చుతో సహా.