ఇంటర్న్‌షిప్ మాస్టారు

సాయంత్రం నాలుగింటికి మాదాపూర్ సైబర్ టవర్స్ దగ్గర ఏ టీ కొట్టు ముందు నిలబడ్డా ఈ మాస్టారు కనిపిస్తారు. ఒక్కరే అనుకునేరు. ఊళ్లో ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి, కాలేజీకొకరు. అందరిదీ ఒకే అచ్చు. టక్ చేసుకున్న చొక్కా, జేబులో రెండు పెన్నులు, చంకలో రెగ్జిన్ బ్యాగు. అందులో టిఫిన్ డబ్బా, ఇంటర్న్‌షిప్‌కి కాలేజీ ఒప్పుకుందని ముద్ర కొట్టి పేరు చోట ఖాళీ వదిలిన ఎన్‌వోసీలు ఓ పాతిక. పెళ్లిళ్ల పేరయ్య దగ్గర జాతకాల కట్ట ఉన్నట్టన్నమాట.

ఆయన టీ తాగరు. మెడలు చూస్తారు. నీలం ట్యాగు ఏ కంపెనీదో, ఎర్రది ఏదో, ఎవరు ఎండాకాలంలో పిల్లల్ని తీసుకుంటారో నోటికొచ్చు. ట్యాగు పైనున్న మొహం తన శిష్యుడిదైతే వాడి పని అయిపోయినట్టే.

"ఒరేయ్, 2016 బ్యాచ్, చివరి బెంచీ! ల్యాబులో 8086 కిట్టు కాల్చింది నువ్వే కదూ?"

సిగరెట్టు వెనక్కి పోతుంది. "సార్, అది..."

"కిట్టు డబ్బులొద్దులే. మన పిల్లలిద్దర్ని ఆరు వారాలు నీ టీములో పెట్టుకో."

క్లాసులో ఉపన్యాసాలివ్వరు. "నాకు కోడింగ్ రాదు సార్" అని నసిగినవాడితో, "వచ్చాక వెళ్తే ఉద్యోగంరా, రాకముందే వెళ్తే ఇంటర్న్‌షిప్పు" అని ఎన్‌వోసీలో వాడి పేరు రాసేస్తారు. డబ్బు కట్టి, ఇంట్లో పడుకుని సర్టిఫికెట్ తెప్పించుకున్నవాడి దగ్గర మాత్రం ఒకటే ప్రశ్న: "క్యాంటీన్లో సాంబారెలా ఉందిరా?" ప్రాజెక్టు రిపోర్టు నలభై పేజీలు బట్టీ పట్టొచ్చినవాడు సాంబారు దగ్గర దొరికిపోతాడు. సంతకం పడదు. ఇంతకన్నా గట్టి వైవా నేనెక్కడా చూళ్లేదు.

మెకానికల్ పిల్లలు తమకీ సాఫ్ట్‌వేరే గతి అనుకోకూడదని, రాయదుర్గంలో 2023లో తెరిచిన టీ-వర్క్స్‌కి తీసుకెళ్లి త్రీడీ ప్రింటర్లు, లేజర్ కటింగ్ యంత్రాలు చూపిస్తారు. పక్కనే స్టార్టప్‌ల టీ-హబ్. ఈ 'టీ' పేర్లు విని ఆ రాత్రే నల్గొండ వైపు నుంచి ఓ తండ్రి ఫోను: "చదువుకొమ్మని పంపితే పోరిని టీ కొట్ల పెడ్తున్రా సార్?" మాస్టారు నవ్వరు. హాస్టలెక్కడ, మెట్రో దిగాక ఎంత నడవాలి, రాత్రి ఎన్నింటికి వదుల్తారు, అన్నీ తాను నడిచి చూసొచ్చినట్టు చెబుతారు. నిజంగానే నడిచి చూసొస్తారు. ఆడపిల్లల విషయంలో ఒప్పించాల్సింది అమ్మాయిని కాదు, ఈ ఫోనునే అని ఆయనకు ఏళ్ల కిందటే తెలుసు.

1998లో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటి నుంచీ ఆ గుండ్రటి భవనాన్ని పిల్లలకు చూపిస్తూనే ఉన్న ఒక మాస్టారు, ఎప్పుడూ గేటు దాటి ఎరగరు. మొన్న ఆ కిట్టు కాల్చినవాడే "రండి సార్" అని లోపలికి తీసుకెళ్లాడు. గంట తర్వాత బయటికొచ్చారు. విజిటర్ ట్యాగు తిరిగివ్వలేదు, మెళ్లోనే ఉంది. మరిచిపోయారనే అనుకుందాం.

టీ కొట్టాయన చూశాడు. "ఏం సార్, జాబ్ వచ్చిందా?"

"లేదయ్యా, ఇంటర్న్‌షిప్పే. ఓ టీ ఇవ్వు."