డీన్ గారూ, ఆ మూడు మార్కులు

మహారాజశ్రీ అకడమిక్ డీన్ గారి దివ్య సముఖమునకు, తమరి బ్రాంచిలో పదో తరగతి చదువుచున్న ఒక ఆడపిల్ల తండ్రి అనేక నమస్కారములతో చేసుకొను విన్నపములు.

తమరి దయవల్ల మొన్న పేరెంట్స్ మీటింగులో మా అమ్మాయి ప్రీఫైనల్ లెక్కల పేపరును కళ్లారా చూసుకునే భాగ్యం కలిగింది. ఇంటికి ఇవ్వరు కదా, అక్కడే బల్ల దగ్గర నిలబడి చూసుకోవాలి, వెనక క్యూ. ఆ కాస్తలోనే కంటబడింది. నాలుగు మార్కుల లెక్క. రెండు వరుస ధన బేసి సంఖ్యల వర్గాల మొత్తం 290, ఆ సంఖ్యలేవి? జవాబు 11, 13. మా పిల్ల రాసింది 11, 13. తమరి బ్రాంచి వేసింది ఒక మార్కు.

ఒకటి! జవాబుకి ఒకటి, పద్ధతికి సున్నా.

పద్ధతి రాయలేదా అంటే రాసింది. ఫొటో తీసుకోబోతే ఫోన్లు లోపల పెట్టమన్నారు గానీ, ఉన్నవి నాలుగు లైన్లు, మరిచిపోయేందుకు ఏముంది. రెండు బేసి సంఖ్యల నడుమ ఉండే సరి సంఖ్యను ఎమ్ అనుకుంది. అప్పుడు అవి ఎమ్ మైనస్ ఒకటి, ఎమ్ ప్లస్ ఒకటి. వర్గాలు చేసి కూడితే మధ్య పదాలు కొట్టుకుపోయి రెండు ఎమ్ స్క్వేర్ ప్లస్ రెండు మిగులుతుంది. అది 290. అంటే ఎమ్ స్క్వేర్ 144. ధన సంఖ్యలు కాబట్టి ఎమ్ 12. కావున 11, 13. అయిపోయింది. మామూలు పద్ధతిలో వచ్చే 143ని ఏ రెండింటి లబ్ధంగా విడగొట్టాలా అని మార్జిన్లో చిత్తుపని చేసుకుంటూ కూర్చోనక్కర్లేదు.

నాలుగో లైను పక్కన ఎర్ర ఇంకుతో టిక్కు పడింది. ఆ టిక్కు మీద మళ్లీ అడ్డగీత. దాని పక్కన ‘స్టెప్స్?’ అని చిన్న అక్షరాలు. లెక్కల మాస్టారిని అడిగితే పాపం ఆయన నా కళ్లలోకి చూడలేదు. ‘రైటేనండీ, నేను చూశాను. కానీ కీలో అలా లేదు. పేపర్లు మళ్లీ పైవాళ్లు చెక్ చేస్తారు’ అన్నారు. అందుకే ఆయనకి కాకుండా తమరికి రాస్తున్నాను.

కీ కూడా చూపించారు. ఎక్స్, ఎక్స్ ప్లస్ రెండు అనుకుంటే ఒక మార్కు. వర్గ సమీకరణం తెస్తే ఒకటి. కారణాంకాలకి ఒకటి. మైనస్ 13ని తిరస్కరించి జవాబు రాస్తే ఒకటి. బాగుంది. మా పిల్ల లెక్కలోకి మైనస్ 13 రానే రాలేదండీ! రానివాణ్ణి గెంటెయ్యమంటే ఎక్కణ్నుంచి పట్టుకొచ్చి గెంటుతుంది? విజయవాడ నుంచి గుంటూరుకి మంగళగిరి మీదుగానూ రైలుంది, తెనాలి మీదుగానూ ఉంది. మంగళగిరి మీదుగా వచ్చినవాణ్ణి పట్టుకుని తెనాలి స్టేషన్లో ఎందుకు కనబడలేదని జరిమానా రాస్తారా?

పక్కన నిలబడ్డ ఇంకో తండ్రి తన కొడుకు పేపరు చూపించాడు. కుర్రాడు కీలో ఉన్నట్టే మొదలెట్టి, కారణాంకాల దగ్గర గుర్తులు తారుమారు చేసి 13, 15 అని తేల్చాడు. వాటి వర్గాలు కూడితే 394. వాడికి రెండు మార్కులు. తప్పు పట్టడం లేదు, ఆ రెండూ వాడికి న్యాయంగా రావలసినవే. చివర్లో ఒక గుర్తు తప్పినంత మాత్రాన అంతవరకూ చేసిన ఆలోచన గంగలో కలవకూడదనే కదా స్టెప్పు మార్కులు పెట్టింది! నాలాంటి వాళ్లం జిల్లా పరిషత్ హైస్కూల్లో గట్టెక్కింది వాటి పుణ్యమే. దత్తాంశం, సారాంశం, నిర్మాణం వరుసగా రాసి, ఉపపత్తి మధ్యలో దిక్కులు చూసినా ఏదో ఒకటి రాలేది. ఆలోచనకి ఇచ్చే మార్కు అది. తమరు దాన్ని కాపీకి ఇచ్చే మార్కు చేశారు.

ఇంకా విడ్డూరం, ఇదే పిల్లకి ఇదే తమరి బ్రాంచిలో ఆరో తరగతి నుంచీ ఐఐటీ ఫౌండేషన్ అని సాయంత్రం క్లాసు. దానికి వేరే ఫీజు, వేరే పుస్తకాలు. అక్కడ స్టెప్పు రాస్తే తిట్లు. టైం వేస్టు, ఆప్షన్లు పెట్టి చూడు, షార్ట్‌కట్ వాడు అంటారు. పొద్దున రాయనందుకూ సాయంత్రం రాసినందుకూ పిల్ల తిట్లు తింటోంది. తమరు ఒక్కరే కదా డీను, రెండు పూటలకీ?



డిసెంబరు 22న హాల్లో రామానుజన్ ఫొటోకి దండ వేసి పిల్లలచేత స్పీచీలు ఇప్పించారు. ఆయన పలక మీద లెక్క చేసి, మోచేత్తో చెరిపేసి, నోటుబుక్కులో ఫలితం ఒక్కటే రాసుకునేవారు. కాగితం కొనలేక. వాటికి నిరూపణలు సమకూర్చడానికి తర్వాతివాళ్లకి దశాబ్దాలు పట్టింది. అయినా ఆయన సంగతి వదిలేయండి, ఆయన స్టెప్పులు రాయలేదు. మా పిల్ల రాసింది!

సీబీఎస్ఈ వాళ్లు కూడా మార్కింగ్ స్కీము మొదట్లోనే రాస్తారు, ఇందులోవి మార్గదర్శకాలు మాత్రమే, పిల్లలు సరైన జవాబు తమ దారిలో రాస్తే మార్కులు ఇవ్వాలి అని. అంత పెద్ద బోర్డుకి లేని పట్టుదల తమరి కీకి ఎందుకు?

పిల్లకి ఇది ఇంట్లో తేలే లెక్క కాదు సార్. పబ్లిక్ పేపర్లో ఎనిమిది మార్కుల ప్రశ్నలే ఐదు, నలభై మార్కులు. అన్నీ స్టెప్పుల మీదే. అక్కడ తేడా వస్తే రీకౌంటింగుకి 500, రీవెరిఫికేషనుకి 1000 కట్టుకోవాలి. కట్టినా కూడికలు సరిచూస్తారు, దిద్దకుండా వదిలేసిన జవాబు ఉంటే దిద్దుతారు, అంతేగానీ వేసిన మార్కుని మళ్లీ తూచరు. కాబట్టి భయం తమరి దగ్గరే మొదలైంది. మీటింగు నుంచి వచ్చిన రాత్రే మా అమ్మాయి అదే లెక్కని ఎక్స్, ఎక్స్ ప్లస్ రెండు అనుకుని కీలో ఉన్నట్టే మళ్లీ చేసింది. నీ పద్ధతే బాగుంది కదమ్మా అంటే, ‘బాగుంటే ఏం నాన్నా, మార్కులు పోతాయి’ అంది. పుస్తకం మూసేసింది.

ఆ మూడు మార్కులూ ఇవ్వకపోయినా ఫరవాలేదు సార్. ప్రీఫైనల్ మార్కులు ఎవరడుగుతారు. రెండో ప్రీఫైనల్ ఇంకా ఉంది, దాని కీ హెడ్డాఫీసు నుంచి రావాలట. అందులో అడుగున ఒక్క లైను వేయించండి, వేరే పద్ధతిలో సరిగా చేసినా పూర్తి మార్కులు అని. మాస్టారికి అది చాలు, టిక్కు కొట్టేసుకోవలసిన ఖర్మ ఆయనకి ఉండదు. తమరికి ఒక లైను టైపింగు. అంతకంటే ఏమీ అడగడం లేదు.

ఇట్లు,
తమ విధేయుడు.

పేరు, అడ్మిషన్ నంబరు రాయడం లేదు. పిల్ల ఇంకా తమరి బ్రాంచిలోనే ఉంది.