పాత కంపెనీ గుమ్మంలో ఫారం 16

కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు వారి దివ్య సముఖమునకు,

ఫారం 16 అంటే జీతంలోంచి కోసుకున్న పన్నుకు యజమాని ఇచ్చే రసీదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 192వ సెక్షన్ కోయమంటుంది. కోసినదానికి సర్టిఫికెట్ ఇచ్చి తీరాలని 203వ సెక్షన్ అంటుంది. మార్చి 31తో ముగిసిన సంవత్సరానికి జూన్ 15లోగా అది ఉద్యోగి చేతికి రావాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది గనుక, ఈ లేఖలోని సెక్షన్లూ, ఫారాల నంబర్లూ పాత చట్టానివని ఏలినవారికి మనవి.

ఈ కాగితానికి రెండు భాగాలు. పార్ట్ ఏలో కంపెనీ టాన్ (పన్ను కోసే ఖాతా నంబరు), ఉద్యోగి పాన్, ఏ త్రైమాసికంలో ఎంత కోశారు, ఎంత కట్టారు అన్నవి ఉంటాయి. పార్ట్ బీలో జీతభత్యాలు, మినహాయింపులు, పన్ను లెక్క. కంపెనీ మూడు నెలలకోసారి 24క్యూ అనే లెక్క దాఖలు చేస్తుంది. చివరి త్రైమాసికానిది మే 31లోగా ఇవ్వాలి. ఆ లెక్కల్లోంచి ఫారాన్ని తయారుచేసేది ట్రేసెస్ పోర్టల్, అంటే ఘజియాబాద్‌లో తమరు పెట్టిన టీడీఎస్ కేంద్రమే. కంపెనీ చేయవలసిందల్లా దాన్ని దించుకుని, సంతకం పెట్టి పంపడం.

ఉద్యోగంలో ఉన్నవాడికి ఇది అడగకుండానే ఆఫీసు మెయిల్‌కు వస్తుంది. మానేసినవాడి సంగతి వేరు. రిలీవింగ్ రోజున ల్యాప్‌టాప్, ఐడీ కార్డు తిరిగి ఇచ్చి నో డ్యూస్ మీద సంతకాలు పూర్తయ్యేసరికి అతని మెయిల్ మూతపడుతుంది. పేస్లిప్పుల పోర్టల్ కూడా అతణ్ని గుర్తుపట్టడం మానేస్తుంది. జూన్‌లో కంపెనీ శ్రద్ధగా ఆ మూతపడిన మెయిల్‌కే ఫారం పంపి, పంపేశామని రాసుకుంటుంది. ఫోన్ చేస్తే హెచ్‌ఆర్ వారు ఫైనాన్స్ వారిని అడగమంటారు, ఫైనాన్స్ వారు పేరోల్ చూసే బయటి సంస్థ పేరు చెబుతారు, ఆ సంస్థ టికెట్ పెట్టమంటుంది. టికెట్ పెట్టాలంటే ఉద్యోగి లాగిన్ కావాలి. ఫుల్ అండ్ ఫైనల్ తేలలేదనో, నోటీసు పీరియడ్ బాకీ ఉందనో ఆపేవారూ ఉన్నారు. 203వ సెక్షన్‌లో అలాంటి షరతు ఎక్కడా లేదు. పన్నే కోయకపోతే మాత్రం సర్టిఫికెట్ ఇవ్వాలన్న నిర్బంధం కంపెనీకి లేదు. బ్యాంకు లోను కోసం అడిగేవారికి ఈ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

ప్రభుత్వ బడి పంతులుకు కంపెనీ మారే బాధ లేదు గానీ బదిలీ ఉంది. జీతమిచ్చే సర్కారు ఒక్కటే అయినా జీతం బిల్లు పెట్టే అధికారి, అంటే డీడీవో, ఒక్కొక్కరికీ టాన్ వేరు. ఏడాది మధ్యలో మండలం మారితే పాత మండలం పార్ట్ ఏ పాత డీడీవో దగ్గరే వెతుక్కోవాలి.

సర్టిఫికెట్ ఇవ్వని యజమానికి 272ఏ సెక్షన్ కింద రోజుకు 500 రూపాయల జరిమానా ఉంది. 2022 ఏప్రిల్‌కు ముందు అది 100 రూపాయలు. ఎన్ని రోజులు గడిచినా కోయవలసిన పన్ను మొత్తాన్ని మించదు. వసూలైతే ఖజానాకు చేరుతుంది. తిరిగి తిరిగి చెప్పులరిగినవాడికి అందులో దమ్మిడీ రాదు.

ఫారం లేకపోయినా రిటర్ను ఆగదు. రిటర్నుకు ఏ కాగితమూ జతచేయనక్కర్లేదు; పన్ను శాఖ దగ్గరున్న 26ఏఎస్, ఏఐఎస్ పత్రాలు, తన పేస్లిప్పులు ముందు పెట్టుకుంటే చాలావరకు లెక్క తేలుతుంది. కాకపోతే 26ఏఎస్ చెప్పేది ఎంత జీతం, ఎంత కోత అన్నవి మాత్రమే. పాత పన్ను విధానం ఎంచుకున్నవారు హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు, వృత్తి పన్ను పేస్లిప్పుల్లోంచి ఏరుకోవాలి.

అసలు చిక్కు ఇద్దరు యజమానులున్న ఏడాదిలో వస్తుంది. 2025-26లో కొత్త విధానం కింద ఒకరు పాత కంపెనీలో ఆరు నెలలకు 7 లక్షలు, కొత్త కంపెనీలో ఆరు నెలలకు మరో 7 లక్షలు తీసుకున్నారనుకుందాం. పాత జీతం వివరాలు ఫారం 12బీలో ఇవ్వకపోతే కొత్త కంపెనీకి కనిపించేది 7 లక్షలే. 12 లక్షల దాకా రిబేటు ఉంది గనుక అది పైసా కోయదు. రిటర్ను వేసే రోజున మాత్రం మొత్తం 14 లక్షలు. 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ ఒక్కసారే పోగా 13.25 లక్షల మీద సెస్సుతో కలిపి పన్ను 81,900 రూపాయలు. ఇందులో పాత కంపెనీ కోసింది పోను మిగిలింది చేతి నుంచి కట్టాలి. ఆ బాకీ 10 వేలు, ఆపైన ఉంటే 234బీ, 234సీ వడ్డీలు తోడవుతాయి. పాత కాగితం రిటర్ను గడువైన జులై 31 దాకా అందకపోతే ఈ లెక్క చీకట్లో వేసుకోవలసిందే.

కోసిన పన్నును కట్టకుండా కంపెనీ మూసుకుపోవడం ఇంకా దారుణం. 26ఏఎస్‌లో సున్నా కనిపిస్తుంది, ఉద్యోగికి డిమాండు నోటీసు వస్తుంది. జీతంలో కోసిన మేరకు ఉద్యోగిని మళ్లీ అడగకూడదని 205వ సెక్షన్ చెబుతోంది. అలా వసూలు చేయవద్దని తమ బోర్డే 2015 జూన్ 1న ఆదేశించి, 2016 మార్చి 11న మళ్లీ గుర్తుచేసింది. నోటీసులు పంపే కంప్యూటరుకు ఆ ఆదేశాలు చదివే అలవాటున్నట్టు లేదు. ఉద్యోగికి మిగిలే ఆధారం పేస్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు. వాటిని పట్టుకుని తన పరిధిలోని పన్ను అధికారికి రాసుకోవాలి.

ఇంతా చేసి, ఫారం పుట్టేది తమ కంప్యూటరులో. పాన్ నంబరుతో అదే ట్రేసెస్ పోర్టల్లోకి వెళ్లిన ఉద్యోగికి 26ఏఎస్ కనిపిస్తుంది, ఫారం 16 దించుకునే మీట మాత్రం యజమాని వైపే ఉంది. ఘజియాబాద్‌లో తయారైన కాగితం మాదాపూర్‌లోని మనిషికి చేరాలంటే అతను వదిలేసి వచ్చిన కంపెనీ దయ తలచాలి. ఆ మీట ఒకటి పాన్ వైపు కూడా పెట్టించమని ప్రార్థన.

ఇట్లు,
మూతపడిన మెయిల్ ఐడీ గల ఒక పాన్ నంబరు
జూన్ 16