ఒకే రంగులో ముంచేశాను

మా ఇంట్లో మూడు తరాలుగా వస్తున్న చెక్క సామాను మొత్తాన్ని నేను ఒకే రంగులో ముంచేశాను. భోషాణం, బీరువా, పడక కుర్చీ, ఆఖరికి పీటలు కూడా వదల్లేదు. పక్కన నిలబడి, డబ్బిచ్చి మరీ చేయించాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు, ఎవరూ మోసం చేయలేదు. వద్దని చెప్పిన మనిషి మాత్రం ఒకాయన ఉన్నారు. ఆయన మాట వినలేదు.

కోనసీమలో మా తాతగారి మండువా లోగిలి పడగొట్టినప్పుడు నా వాటాకి వచ్చిన సామాను అది. భోషాణం పనస చెక్కతో చేసింది. మా పెరట్లో చెట్టు కొట్టించి, దుంగని కోయించి చేయించారట. ఎన్నో ఏళ్లు వాడిన పనసకి ఒక రంగు వస్తుంది. పాత తేనె సీసా అడుగున మిగిలే రంగు అది, లోపలినుంచి పసుపు తొంగిచూస్తూనే ఉంటుంది. బీరువా టేకుది. మన్యంలో కొట్టి, గోదావరి మీద తెప్పలు కట్టి రాజమండ్రి దాకా దింపిన కలప అని నాన్న గొప్పగా చెప్పేవారు. పడక కుర్చీ ఇరుగుడుది, ఇప్పుడందరూ రోజ్‌వుడ్ అంటున్నారే, అదే. ఊదా కలిసిన గోధుమ రంగు, మధ్యలో నల్లటి చారలు. ఈ మూడూ ఏ కాలంలోనూ ఒక రంగులో లేవు. మండువాలో అరవై ఏళ్ల పైన పక్కపక్కనే ఉన్నాయి. అవి ఒకదానికొకటి నప్పలేదన్న మాట ఆ ఇంట్లో ఎవరి నోటా నేను వినలేదు. తలుపులు వేప, దూలాలు తాడి. ఇన్ని చెక్కలున్న ఇంట్లో పుట్టి పెరిగిన నాకు కూకట్‌పల్లి ఫ్లాట్‌లోకి వచ్చేసరికి అది లోపంగా కనిపించింది.

ఫ్లాట్‌లో అప్పటికే టీవీ యూనిట్, వార్డ్‌రోబులు, వంటింటి అరలు అన్నీ ముదురు వాల్‌నట్ లామినేట్‌తో చేయించేశాం. వాటి మధ్య ఊరినుంచి లారీలో దిగిన పసుపు భోషాణం, బంగారు రంగు బీరువా, నల్లచారల కుర్చీ పెట్టి చూసుకుంటే నాకు సిగ్గేసింది. గృహప్రవేశానికి వచ్చేవాళ్లు దొరికిందల్లా తెచ్చి కుదేశారని అనుకుంటారేమోనని భయపడ్డాను. చీర కొన్న మర్నాడే ముక్క పట్టుకుని మ్యాచింగ్ సెంటర్‌కి పరిగెత్తే అలవాటున్నదాన్ని. అదే కన్నుతో చెక్కని చూశాను.

వాల్‌నట్ అంటే ఏమిటో అప్పుడు ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ఆ చెట్టు మన తెలుగు నేలది కాదు. మన దేశంలో దాని చెక్కతో పని అంటే కశ్మీరే, శ్రీనగర్ నగిషీ పనివాళ్ల చేతుల్లో అది ఆకులూ పువ్వులూ అవుతుంది. మా ఇంట్లో ఉన్నది ఆ చెక్క కూడా కాదు, దాని బొమ్మ. వాల్‌నట్ నారని కాగితం మీద అచ్చువేసి, ఆ కాగితాన్ని మెలమైన్‌లో తడిపి, కింద మందపాటి కాగితపు పొరలు పెట్టి, వేడితో నొక్కితే తయారయ్యే ఒక మిల్లీమీటరు రేకు. ఆ అచ్చు బొమ్మకి సరిపోవాలని మా పెరటి పనసని మార్చబోయాను.

ఊళ్లో బీరువా విప్పి కట్టలు కట్టడానికి వచ్చిన ఆచారి గారు మా ఇంటికి పాత వడ్రంగి. "పట్నం వెళ్లాక వీటన్నిటికీ ఒకే రంగు వేయిద్దామనుకుంటున్నానండి" అంటే ఆయన పని ఆపి నావైపు చూశారు. "పనసకి రంగెందుకమ్మా? దాని రంగు అదే తెచ్చుకుంటుంది. తుడుచుకోండి చాలు" అన్నారు. పెద్దాయన, కొత్త పద్ధతులు తెలియవులే అనుకున్నాను. తెలియనిది ఎవరికో తేలడానికి ఎంతోకాలం పట్టలేదు.

పాలిష్ పనివాళ్లు సెల్లార్‌లో శాండింగ్ మిషన్ పెట్టిన రోజు నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. మొదట భోషాణం మూత. మిషన్ ఆనగానే పైన ఉన్న గోధుమ రంగు పొర లేచిపోయింది, కిందినుంచి పసుపు కొమ్ము కొట్టినట్టు పచ్చటి పొడి కురిసింది. బర్మాలో, శ్రీలంకలో బౌద్ధ భిక్షువుల వస్త్రాలకి పనస చెక్క ముక్కల్ని మరగబెట్టి రంగు తీసేవారని తర్వాత చదివినప్పుడు ఆ పొడే గుర్తొచ్చింది. కుర్చీ దగ్గరికి వెళ్లేసరికి పొడి ఊదా రంగుకి తిరిగింది, సెల్లారంతా తియ్యటి వాసన. టేకు పొడి వాసన తోలులా ఉంటుంది. ఏ చెక్క ఏదో కళ్లు మూసుకుని చెప్పొచ్చు. అవి మూడు వేరు వేరు చెట్లని ముక్కుకి తెలుస్తోంది, కాళ్ల దగ్గర రాలిన మూడు రంగుల పొడి చెబుతోంది. అయినా నేను ఆపమనలేదు.

భోషాణం మూతకి ముందు అంచున, సరిగ్గా మధ్యలో, అరచేతి వెడల్పున నల్లగా నునుపు తేలిన చోటొకటి ఉండేది. మా నాయనమ్మ, ఆవిడకి ముందు ఆవిడ అత్తగారు, తర్వాత మా అమ్మ మూత ఎత్తింది అక్కడే పట్టుకుని. చేతుల నూనె, పసుపు, చెమట తరాలపాటు ఇంకి చేసిన మరక. చిన్నప్పుడు ఆ నునుపు మీద వేలు రాస్తూ నాయనమ్మ మూత తెరిచేదాకా కాచుకునేదాన్ని, లోపల బెల్లం సున్నుండలు ఉంటాయని. మిషన్ దాని మీద రెండుసార్లు అటూ ఇటూ తిరిగింది. అంతే. ఆ చోటు ఇక లేదు. ఈ వ్యాసంలో నేను చెప్పుకోవలసినది నిజానికి ఇదొక్కటే. మిగిలిన తప్పుల్లో కొన్నిటిని దిద్దుకున్నాను, దీన్ని దిద్దే దారి లేదు.

ఇక రంగు. స్టెయిన్ అంటే గోడకి వేసే పెయింటులా కప్పేస్తుందనుకున్నాను. అది పారదర్శకం. కింది చెక్క రంగు, పైన పోసిన రంగు, రెండూ కలిసి మూడోది కంటికి కనిపిస్తుంది. ఒకే డబ్బాలో వాల్‌నట్ స్టెయిన్ పనస పసుపు మీద పడి పాచి రంగయింది. టేకు మీద ఎరుపు కలిసిన గోధుమయింది. అసలే ముదురుగా ఉన్న ఇరుగుడు మీద పడి దాని చారలన్నీ మింగేసి బొగ్గయింది. మూడూ ఒకటవ్వాలని చేసిన పని మూడింటినీ కొత్తగా మూడు రకాలు చేసింది, ఈసారి మూడూ అందవిహీనంగా. లామినేట్‌కి ఏదీ కలవలేదు.

అప్పుడే నాకు ఒక సంగతి బోధపడింది, ఇల్లు సర్దుకునేవాళ్లందరికీ దీన్ని గట్టిగా చెప్పాలనిపిస్తుంది. రెండు చెక్కలు దాదాపు ఒకేలా ఉండి కాస్త తేడా ఉంటేనే కంటికి తప్పులా తగులుతుంది. కలపబోయి కలపలేకపోయారని తెలిసిపోతుంది. అదే లేత పనస పక్కన ముదురు ఇరుగుడు పెట్టండి, తెలిసి పెట్టినట్టుంటుంది, ఒకదాని పక్కన రెండోది వెలుగుతుంది. తేడా పెట్టదలుచుకుంటే ధైర్యంగా పెట్టాలి. నా పాత సామానులో ఆ తేడా తరాల కిందటే కుదిరి ఉంది. కుదిరిన దాన్ని నేను చెడగొట్టాను.

పోనీ, రంగులు అచ్చుగుద్దినట్టు కలిశాయనే అనుకుందాం. ఆ కలయిక నిలవదు. చెక్క కదులుతూనే ఉంటుంది. కొత్తగా గీసిన టేకు మొదట అక్కడక్కడా పచ్చగా, చారలు చారలుగా ఉండి, వెలుతురు తగిలే కొద్దీ బంగారు గోధుమకి వస్తుంది. పనస పసుపు నుంచి ముదురుతూ పోతుంది. ఇరుగుడు దీనికి ఎదురు, ఎండ పడితే వెలిసి లేతబారుతుంది. వాల్‌నట్ కూడా అంతే, కాలంతో లేతకి తిరుగుతుంది. అంటే ఒకే కిటికీ పక్కన పెట్టిన రెండు చెక్కలు రెండు దిక్కులకి నడుస్తాయి. అచ్చు వేసిన లామినేట్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. వీటన్నిటినీ ఒక రంగు దగ్గర కట్టేసి నిలబెట్టాలనుకోవడమే తెలివితక్కువతనం.

ఇంకొక అజ్ఞానం కూడా ఉంది. ఆ సామాను మీద ఉన్నది లక్క పాలిష్. లక్కపురుగుల జిగురుని స్పిరిట్‌లో కరిగించి, గుడ్డతో పొర మీద పొర రుద్దుతారు. అది మాసిపోయినా, గీతలు పడినా, స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడిస్తే పాత పొర మళ్లీ కరిగి సర్దుకుంటుంది. చెక్క దాకా వెళ్లే అవసరమే లేదు. కనపడని చోట ఒక చుక్క స్పిరిట్ వేసి చూస్తే జిగట తేలుతుంది, లక్క అని తెలిసిపోతుంది. ఒక్క చుక్కతో తేలే పరీక్ష చేయకుండా మిషన్ తెప్పించాను. కాలం వేసిన రంగు చెక్క పైన వెంట్రుకవాసి మందాన మాత్రమే ఉంటుంది. దాన్ని గీకేయడానికి గంట చాలు. మళ్లీ రావడానికి ఏళ్లు కావాలి.

ఆ తర్వాత ఎక్కడికి వెళ్లినా చెక్కే చూస్తున్నాను. మైసూరులో ఇన్‌లే పని చేసే చోట నిలబడిపోయాను. రోజ్‌వుడ్ పలకలో బొమ్మ మేరకి గుంట తొలిచి, అందులో వేరే చెక్కల ముక్కలు అతుకుతారు. పసుపుకి పనస, నలుపుకి ఎబొనీ, తెలుపుకి లేతరంగు చెక్కలు. కుంచె పట్టరు, ఏ చెట్టు రంగు ఆ చెట్టుదే. నేను దాచేయబోయిన ఇరుగుడూ పనసా అక్కడ ఒకే పలకలో ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉన్నాయి. చూస్తుంటే గొంతు పట్టేసింది.

చెక్క సామాను రూపొందించడంలో పేరుపడిన జార్జ్ నకషిమా పని గురించి తెలుసుకున్నదీ అప్పుడే. 1930ల చివర్లో ఆయన పుదుచ్చేరి అరవిందాశ్రమంలో గోల్కొండ అనే భవనం కట్టించే పనిలో ఉన్నారు. వాస్తుశిల్పి ఆంటొనిన్ రేమండ్ నమూనా ఇచ్చిన ఆ భవనానికి హైదరాబాద్ దివాన్ సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాం ప్రభుత్వం నుంచి లక్ష రూపాయలు అందాయి, ఆ పేరు అందుకే. అక్కడి గదులకి నకషిమా టేకుతో సామాను రూపొందించారు. తర్వాత అమెరికాలో ఆయనకి ప్రాణమైన చెక్క వాల్‌నట్టే, నేను బొమ్మలో చూసి మోజుపడిన ఆ వాల్‌నట్. నిలువునా కోసిన పలకలో పగులుంటే దాచేవారు కాదు. పగులుకి అడ్డంగా సీతాకోకచిలుక ఆకారంలో వేరే చెక్క ముక్క బిగించేవారు, చాలాసార్లు రోజ్‌వుడ్‌ది. వాల్‌నట్‌ని అంతగా ప్రేమించిన మనిషి దాని పక్కన ఇంకో చెక్కని కనపడేలా పెట్టారు. మా సెల్లార్‌లో ఆ రోజు నాకు ఈ మాట ఎవరైనా చెప్పుంటే వినేదాన్నా? వినేదాన్ని కాదనే అనుకుంటున్నాను. ఆచారి గారు చెప్పింది కూడా ఇదే కదా.

దిద్దుకోగలిగినంత దిద్దుకున్నాను. భోషాణం మీది స్టెయిన్ మళ్లీ గీయించాను, చేత్తో, మిషన్ లేకుండా. గీసిన ప్రతిసారీ పలక పలచబడుతుందని ఇప్పుడు తెలుసు కాబట్టి నగిషీ గాడుల్లో ఇరుక్కున్న నలుపు జోలికి వెళ్లనివ్వలేదు. రంగు కలపని లక్క పాలిష్ పెట్టించాను. బీరువా కూడా అలాగే చేయించాను. ఇరుగుడు కుర్చీ విషయంలో ఓడిపోయాను. దాని రంధ్రాల్లోకి దిగిన రంగు బయటికి రాదు.

హాల్లో ఇప్పుడు పెద్దపీట టేకుదే. బీరువాకి తోడు ఒక టేకు బల్ల, ఒక అద్దం చట్రం చేర్చాను. ఏ చెక్క అయినా గదిలో ఒక్కటే ఉంటే దారితప్పి వచ్చినట్టుంటుంది, ఇంకో మూల దాని చుట్టమొకటి కనిపిస్తే స్థిరపడుతుంది. అందుకే పనస పీటల్ని భోషాణానికి ఎదుటి గోడ దగ్గరికి మార్చాను. బూడిద ఛాయ ఉన్నవి కొన్నదే లేదు, మా చెక్కలన్నీ ఎరుపు వైపో పసుపు వైపో మొగ్గేవే. ఒక చెక్క ఇంకో చెక్కకి నేరుగా ఆనకుండా మధ్యలో చాపో, గోడ తెలుపో ఉండేలా జరిపాను. టీవీ యూనిట్ తలుపులు మాత్రం తీసేసి తెల్లరంగు వేయించాను. తెల్లటి 6500 కెల్విన్ లైట్ల కింద పనస జబ్బుపడినట్టు ఉండేది. వాటిని మార్చి 3000 కెల్విన్‌వి పెట్టించిన రాత్రి మా వారు బీరువా ముందు నిలబడి "ఇది ఎప్పుడు కొన్నాం?" అన్నారు.

మా తమ్ముడి దగ్గర ఉయ్యాల బల్ల ఒకటి మిగిలింది. అది కూడా టేకే, గొలుసులు రాసుకున్న చోట గాడులు పడి ఉంటుంది. వాడు ఇల్లు మారుతూ మొన్న ఫోన్ చేశాడు. "అక్కా, దీన్ని నువ్వు ఉంచుకో. మరీ మాసిపోయింది, ఇక్కడే రంగు పెట్టించి పంపించమంటావా?" అని. వద్దురా అన్నాను. దుమ్ము దులిపి, గోనెపట్టా చుట్టి, ఉన్నది ఉన్నట్టు లారీ ఎక్కించమన్నాను. ఆచారి గారబ్బాయి నంబరు అడిగి రాసుకున్నాను.