వరండా విద్య

2018 ఫిబ్రవరిలో, భారతదేశమున తొలిసారిగా, ప్రపంచ సమాచార సాంకేతిక మహాసభ హైదరాబాదు అంతర్జాతీయ సమావేశ కేంద్రమున మూడు దినములు జరిగినది. అట్టి సభలకు నేటికిని కొదువ లేదు. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములనుండి వెడలి సైబరాబాదున స్థిరపడిన మన యువకులును మెడలో బ్యాడ్జి, భుజమున ఉచితపు సంచి ధరించి, వక్తను విడిచి అరచేతి ఫోనునే ఏకాగ్రచిత్తముతో సేవించుచు, భోజనవిరామమును మాత్రము ఏమరక, అందు జ్ఞానార్జన మొనరించుచున్నారు.

ఉపన్యాసములు పిమ్మట యూట్యూబున ఊరకే లభించుచుండగా ఈ ఖర్చేల యని లెక్కల శాఖవారు అడుగుదురు. ప్రశ్న న్యాయమే, కాని సభాఫలము వేదికపై గాక వరండాలో నున్నది. మనకు కలిగిన చిక్కునే ముందుగా పడి, దానినుండి బయటపడిన అపరిచితుడొకడు అచ్చట టీ త్రాగుచుండును. అతనిని పలుకరింపక, సెల్ఫీని లింక్డ్‌ఇన్‌కు సమర్పించి మరలివచ్చువాని సభాజ్ఞానము మా మార్కాపురపు పలకమీది వ్రాత వంటిది. తడిగుడ్డ తగిలిన చాలును.

కావున కంపెనీల యజమానులారా, రానుపోను ఖర్చు తప్పక ఇండు. తిరిగివచ్చినవానిని ఫొటో మాత్రము అడుగకుడు. నేర్చినదానిని తోటివారికి ఒక గంట బోధింపుమనుడు. ఈ నిబంధన యొక్కటి పెట్టినచో మరుసటి యేట సభలలో కుర్చీలకు కొరత యుండదు.