బ్యాంకు పద్యానికి టీకా తాత్పర్యం

మూలము (ఆటవెలది)

బస్సు దిగిన చోటె బ్యాంకుండవలె, రైతు
మాట వినెడి సారు మధ్య గదిని,
అదను దాటకుండ నప్పిచ్చి పంపెడి
శాఖ దొరికెనేని చాలు నదియె.

అవతారిక: సికింద్రాబాదు బోయిన్‌పల్లి మార్కెట్టులో తెల్లవారుజామున టమాటలు అమ్ముకుని, టిఫిన్ బండి దగ్గర నిలబడ్డ ఒక గజ్వేలు రైతుకు, పంట రుణానికి ఏ బ్యాంకు మంచిదన్న సందేహం కలిగింది. తన్నివృత్తికై పుట్టినదీ పద్యం. కవి ఎవరో తెలియదు. మేమే అయి ఉంటామని గిట్టనివాళ్లు అంటారు.

ప్రతిపదార్థము: బస్సు దిగిన చోటె = మండల కేంద్రమున ఆర్టీసీ బస్సు ఎక్కడ ఆగునో అక్కడనే; బ్యాంకు = పట్టాదారు పాసుపుస్తకము, ఆధార్ కార్డు చూడనిదే తల ఎత్తనట్టిది; ఉండవలె = ఉండిన బాగుండును (ఉండునని కవి హామీ ఇయ్యలేదు); రైతు మాట వినెడి = గుంటలు, బోరు, తెగులు అను మాటలకు బెదరనట్టి; సారు = మేనేజరు; మధ్య గదిని = అద్దాల గదియందు; అదను దాటకుండన్ = విత్తు మట్టిలో పడవలసిన దినములు గడవకమునుపే; అప్పిచ్చి పంపెడి = 'రేపు రండి' అని పంపనట్టి; శాఖ = బ్రాంచి; దొరికెనేని = దొరికినచో; అదియె చాలున్ = మరి వెదకనక్కరలేదు.

తాత్పర్యము: స్పష్టము. బోధపడనివారు ఒకసారి బ్యాంకుకు వెళ్లివచ్చి మళ్లీ చదువుకోగలరు.

విశేషములు: పద్యంలో వడ్డీ ఊసే లేదేమని కొందరు ఆక్షేపించారు. బ్యాంకు చూసుకునేవాడు మొదట అడిగేదే వడ్డీ కదా, కవికి లెక్కలు రావా అని వారి ప్రశ్న. బాగానే వచ్చు. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా కట్టినవాడికి 3 శాతం రాయితీ పోను 4 శాతమే. సర్కారు బ్యాంకుకు పోయినా, గ్రామీణ బ్యాంకుకు పోయినా, సహకార సంఘం మెట్లెక్కినా ఇదే లెక్క. ఎకరా వరికెంత, పత్తికెంత అన్నది జిల్లా సాంకేతిక కమిటీ ముందే తేల్చిపెడుతుంది. 2 లక్షల దాకా తాకట్టు అడగకూడదన్నది 2025 జనవరి నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన. ఇవన్నీ పైవాళ్లే తేల్చేశాక మేనేజరు చేతిలో మిగిలేది తేదీ ఒక్కటే. జూన్‌లో అందిన లక్షా ఆగస్టులో అందిన లక్షా కాగితం మీదే సమానం. ఆ రెండు నెలలూ షావుకారు నెలకు నూటికి రెండు రాసుకుంటాడు, అంటే ఏడాదికి 24 శాతం. కవి మూడో పాదాన్ని 'అదను'తో ఎత్తుకున్నది ఇందుకే. పద్యం ప్రాణం అక్కడుంది.

'బస్సు దిగిన చోటె' అన్నది అత్యాశ అనేవారు కొంత చరిత్ర చూడాలి. 1969 జూలై 19న 14 బ్యాంకులు జాతీయమయ్యాయి. 1975 అక్టోబరు 2న గ్రామీణ బ్యాంకులు మొదలయ్యాయి. బ్యాంకు బోర్డు పల్లె దాకా వచ్చింది ఆ ఊపులోనే. తీరా 1989లో సర్వీస్ ఏరియా పద్ధతి పెట్టి, ఫలానా ఊళ్లు ఫలానా శాఖవని పంచేశారు. స్వయంవరమని పిలిచి పెళ్లికొడుకును ముందే ఖాయం చేసినట్టయింది. 2004లో దాన్ని చాలావరకు సడలించినా, 'మీ ఊరు మా కిందికి రాదు' అన్న మాట కౌంటర్లలో ఇంకా వినబడుతూనే ఉంది. మారేడ్‌పల్లిలో కాపురం, సిద్దిపేట దగ్గర నాలుగెకరాలు ఉన్నవారికిది అనుభవమే. ఇక్కడ డిపాజిట్ ఎంత ఉన్నా సరే, పంట రుణానికి భూమి ఉన్న మండలానికే పొమ్మంటారు.

'రైతు' శబ్దాన్ని ఒక వ్యాఖ్యాత సంబోధనగా తీసుకుని 'ఓ రైతూ!' అన్నాడు. పొరపాటు. అది పాదం దాటి 'మాట'తో అన్వయించాలి. గది బయట చెప్పులు విడిచి, భుజం మీది తువ్వాలు చంకలో పెట్టుకుని లోపలికి వచ్చిన పెద్దమనిషిని 'కూర్చోండి' అన్న మేనేజరు దొరికితే సగం పని అయినట్టే. ఆయనకు తెలుగు రావాలని కవి కోరలేదు, వింటే చాలన్నాడు. అలా వినే సారుకు మూడేళ్లు తిరక్కుండానే బదిలీ వస్తుంది. దీనికి ఛందస్సులో విరుగుడు లేదు.

నాలుగో పాదంలో 'బ్యాంకు' అనక 'శాఖ' అనడం కవి గడుసుదనం. శాఖ ఉన్నచోటే ఉంటుంది, బోర్డు మారుతుంది. నిజాం కాలంలో 1941లో పుట్టిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు 1956లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయి, 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకు అయింది. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస బ్యాంకు తెలంగాణ శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకువి. రైతు అరుగు దిగకుండానే ఇన్ని బ్యాంకులు మారాయి.

పూర్వపక్షం: బోయిన్‌పల్లి అడ్తిదారే అసలైన బ్యాంకు గదా? అర్ధరాత్రి ఫోన్ చేసినా అడ్వాన్సు ఇస్తాడు, సంతకం కూడా అడగడు. సమాధానం: అతనికి అదను బాగా తెలుసు, ఒప్పుకోవాలి. అయితే సరుకు ధర వేసే చీటీ, తక్‌పట్టీ, రాసేదీ అతనే. అప్పిచ్చినవాడే ధర చెబుతుంటే సరుకు ఇంకొకడి దగ్గరికి తీసుకుపోయే దారి ఉండదు.

ఈ చిక్కుకు ముల్కనూరు రైతులు 1956లోనే తోవ చూపారు. అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి పూనికతో భీమదేవరపల్లి మండలంలోని ఆ ఊళ్లో సహకార గ్రామీణ బ్యాంకు పెట్టుకున్నారు. అప్పు అక్కడే, ఎరువులు అక్కడే, పండినది కొనేదీ ఆ సంఘమే. బ్యాంకును ఎంచుకోవడం కన్నా కట్టుకోవడం మేలని తేల్చినవారు వీరు. మిగతా మండలాల్లో ఇది ఎందుకు పాకలేదన్నది వేరే గ్రంథం.

కవి మీద మాకున్న ఫిర్యాదు ఒకటే. పాసుపుస్తకం తన పేర లేని కౌలు రైతుకు ఈ పద్యం ఒక్క పాదం కూడా ఇవ్వలేదు. ఎన్ని మంచి గుణాలున్నా ఆ లోపం లోపమే.

ఇక చదువరులకు మనవి. అప్పున్న బ్యాంకులోనే వడ్ల డబ్బు పడితే 'హోల్డ్' పెట్టారన్న మాట పల్లెల్లో తరచు వినబడుతుంది. పంట డబ్బుకు వేరే బ్యాంకులో ఖాతా పెట్టుకోండి. పాసుపుస్తకం, ఆధార్ కార్డు, రెండు ఫొటోలు పట్టుకుని మే నెలలోనే బయల్దేరండి. రెండో శనివారం, నాలుగో శనివారం మాత్రం పోకండి, 2015 సెప్టెంబరు నుంచి ఆ రెండు రోజులూ బ్యాంకులకు సెలవు.